పౌడర్ తూకం ప్రతిసారీ మారుతోంది: తప్పు స్కేల్‌దా, మెజర్‌దా?

కొత్తబెంచి (డాలస్ దగ్గర)

అన్నలకు నమస్కారం. గ్రీన్ కార్డు వచ్చాక రైఫిల్ కొన్నాను. ఇప్పుడు .308 విన్చెస్టర్ తూటాలు ఇంట్లోనే రీలోడ్ చేసుకుంటున్నా, అంటే ఖాళీ ఇత్తడి కేసుల్లో కొత్త ప్రైమర్, పౌడర్, బుల్లెట్ పెట్టుకుంటున్నా. 168 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గ్రాములో దాదాపు పదిహేనో వంతు) బుల్లెట్, వార్గెట్ పౌడర్. పౌడర్ మెజర్ (పౌడర్‌ని కొలిచి వదిలే పరికరం) హ్యాండిల్ తిప్పి, పడినదాన్ని చిన్న డిజిటల్ స్కేల్ మీద తూస్తున్నా. ఒకసారి సరిగ్గా వస్తుంది, తర్వాతది 0.3 గ్రెయిన్ ఎక్కువ, ఆ తర్వాతది 0.2 తక్కువ. విచిత్రం ఏంటంటే, అదే పౌడర్ తీసి మళ్లీ పెడితే ఇంకో అంకె చూపిస్తోంది. మాన్యువల్ చెప్పిన స్టార్టింగ్ లోడ్ (మొదట వేసి చూడాల్సిన తక్కువ మోతాదు) దగ్గరే ఉన్నాను కాబట్టి భయం లేదు గానీ, దేన్ని నమ్మాలో తెలియక టెన్షన్. బెంచి గ్యారేజీలో ఉంది. ఆటోమేటిక్ డిస్పెన్సర్ కొనేయమంటారా?

గ్యారేజ్ బాబాయ్ (శాన్ ఆంటోనియో)

డబ్బులు జేబులోనే ఉంచు తమ్ముడూ. నీ జవాబు నీ పోస్టులోనే ఉంది. అదే పౌడర్‌కి రెండు అంకెలు వస్తున్నాయంటే ముందు పట్టుకోవాల్సింది స్కేల్‌ని. అది కుదురుకునేదాకా మెజర్ మంచిదో చెడ్డదో నీకు తెలిసే దారే లేదు.

ఇవాళ పౌడర్ డబ్బా మూత తీయకు. స్కేల్ ఆన్ చేసి అరగంట వదిలెయ్. తర్వాత జీరో చేసి, ఒకే బుల్లెట్‌ని పెట్టి తీసి, పెట్టి తీసి చూడు. దాని మీద 168 అని రాసున్నా అసలు బరువు కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు, అది మనకనవసరం. ప్రతిసారీ అదే అంకె రావాలి, అంతే. నిజమైన బరువు చూపిస్తోందా లేదా తేల్చుకోవడానికి చెక్ వెయిట్లు (కచ్చితమైన బరువు తెలిసిన బిళ్లలు) కొనుక్కో. స్కేల్‌తో వచ్చే పెద్ద బిళ్ల ఒక్కటే చాలదు. 20 గ్రాముల బిళ్లంటే 308 గ్రెయిన్లు దాటుతుంది, నువ్వు తూచేది నలభై చిల్లర. అక్కడే సరిచూడాలి.

ఇంకోటి. పళ్లెం ఎత్తినప్పుడు స్కేల్ మైనస్‌లో ఒక అంకె చూపిస్తుంది కదా, దాన్ని టేపు మీద రాసి బెంచికి అంటించు. పని మధ్యలో ఆ అంకె మారిందంటే జీరో జరిగిపోయినట్టే. ఆపి, మళ్లీ జీరో చేసి, చివరగా తూచినవి మళ్లీ తూచు. నా బెంచి మీద అన్నిటికంటే ఉపయోగపడేది ఈ టేపు ముక్కే, పైసా ఖర్చు లేదు.

టెక్సాస్ గ్యారేజీ అంటున్నావు కాబట్టి నా అనుమానం గాలి మీదా, వేడి మీదా. ఫ్యాన్, ఏసీ గాలి స్కేల్‌కి తగలకూడదు. మన కంసాలి త్రాసుని అద్దాల పెట్టెలో పెట్టేది ఊరికే కాదు. ఫోన్ పక్కన పెట్టుకోకు. ట్యూబ్‌లైటు కింద కొన్ని స్కేళ్లు పిచ్చిగా ప్రవర్తిస్తాయి, ఆపి చూడు. చలికాలం పొడిగాలిలో ప్లాస్టిక్ గరాటుకి పలుకులు అంటుకుంటున్నాయంటే స్టాటిక్ కరెంటు. బట్టల డ్రయ్యర్‌లో వేసే షీటుతో తుడిస్తే తగ్గుతుంది.

ట్రిక్లర్‌తో (పౌడర్‌ని కొంచెం కొంచెంగా రాల్చే చిన్న గొట్టం) పలుకు పలుకు వేస్తుంటే అంకె కదలక, ఉన్నట్టుండి ఎగిరిందా? చవక స్కేళ్లు నెమ్మదిగా పెరిగే బరువుని జీరో జరగడమనుకుని దిద్దేస్తాయి. లక్ష్యం దగ్గరికి రాగానే పళ్లెం ఎత్తి మళ్లీ పెట్టు, అసలు అంకె బయటపడుతుంది.

ఇక మెజర్. అది కొలిచేది పరిమాణాన్ని, బరువుని కాదు. వార్గెట్ పుల్లల్లాంటి పౌడర్. మెజర్ లోపల తిరిగే డ్రమ్ములో అడ్డంగా పడి తెగుతుంది, చేతికి కరుక్కుమని తెలుస్తుంది. అందుకే దాంతో 0.2, 0.3 తేడా మామూలే. హాపర్‌లో (మెజర్ పైన పౌడర్ పోసే డబ్బా) బ్యాఫిల్ (పౌడర్ బరువు కిందికి ఒకేలా పడేలా చేసే అడ్డురేకు) పెట్టు, పౌడర్‌ని మూడో వంతు కంటే కిందికి దిగనివ్వకు. హ్యాండిల్ ప్రతిసారీ ఒకే వేగంతో, ఒకే ఒత్తిడితో తిప్పు. మొదట పడే కొన్నిటిని వాడకుండా హాపర్‌లోకే పొయ్యి. నేనైతే లక్ష్యానికి అర గ్రెయిన్ తక్కువగా మెజర్ సెట్ చేసి, మిగిలింది స్కేల్ మీద ట్రిక్లర్‌తో నింపుతా.

ఓక్లహోమా వేటగాడు

బాబాయ్ చెప్పినవన్నీ సరే గానీ, డిజిటల్‌తో ఈ కుస్తీ ఎందుకు? పాతకాలం బీమ్ స్కేల్ (కడ్డీ త్రాసు) కొను. కరెంటు లేదు, వేడెక్కక్కర్లేదు. కడ్డీ ఆనే కత్తి అంచులు శుభ్రంగా ఉంచి, సూది కంటికి సమానంగా ఉండేలా ఎత్తులో పెట్టుకుంటే 0.1 గ్రెయిన్ దాకా నమ్మొచ్చు. వార్గెట్ ఒక్కో పలుకు దాదాపు 0.02 గ్రెయిన్, అంటే 0.1 అంటే ఐదు పలుకులు. నలభై గ్రెయిన్ల పైన అది పావు శాతం కూడా ఉండదు. వంద గజాల టార్గెట్ మీద దాన్ని వెతకడం నీ వల్లా కాదు, నా వల్లా కాదు.

గ్యారేజ్ బాబాయ్

బీమ్ స్కేల్ మంచిదే, కాదనను. అయితే దానికీ గాలి తగలకూడదు, చెక్ వెయిట్ తప్పదు. పాయిజ్ (కడ్డీ మీద జరిపే బరువు) పది గ్రెయిన్ల గాడిలో ఒక మెట్టు జరిగితే ఎవరూ హెచ్చరించరు.

హెచ్1బి కుర్రాడు

అన్నా, నేనింకా హెచ్-1బిలో ఉన్నా. బెంచి పెట్టుకోవచ్చా?

గ్యారేజ్ బాబాయ్

ఆగు. వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. వాటిని నమ్ముకునే ముందు లాయర్‌ని అడుగు, ఫోరంలో కాదు.

కొత్తబెంచి

బాబాయ్, దొరికింది! పళ్లెం అంకె రాసిపెట్టి చూశా. గ్యారేజీలో ఫ్యాన్ వేస్తే మారుతోంది, ఆపితే కుదురుగా ఉంది. స్కేల్‌ని లోపలి గదిలోకి మార్చా, బుల్లెట్ ఎన్నిసార్లు పెట్టినా ఒకే అంకె. మెజర్ తేడా మాత్రం అలాగే ఉంది, ట్రిక్లర్ తెప్పిస్తున్నా. 9ఎంఎం పిస్టల్ తూటాలు కూడా మొదలెడదామని ఉంది. అక్కడ పౌడర్ కొంచెమే కదా, ఇంత ఇబ్బంది ఉండదేమో?

గ్యారేజ్ బాబాయ్

రివర్స్‌లో ఆలోచిస్తున్నావు. ఐదు గ్రెయిన్ల ఛార్జిలో (ఒక తూటాకి వేసే పౌడర్) 0.1 అంటే రెండు శాతం. గరిష్ఠం దగ్గర ఆడుకునే చోటు కాదది. గుండ్రటి పలుకులుండే బాల్ పౌడర్లు మెజర్‌లోంచి చక్కగా పడతాయి కాబట్టి తూకం గొడవ తక్కువే. భయపడాల్సింది రెండుసార్లు పడటం గురించి. .308లో పౌడర్ డబుల్ అయితే కేస్ పొంగి బయటికి పోతుంది, నీకే కనిపిస్తుంది. 9ఎంఎంలో కొన్ని పౌడర్లు డబుల్ పడినా కేస్‌లో ఇమిడిపోతాయి. అసలు పడకపోతే ప్రైమర్ (పౌడర్‌ని అంటించే చిన్న మందు బిళ్ల) ఒక్కటే పేలి బుల్లెట్ బ్యారెల్లో ఇరుక్కుంటుంది, వెనకాల ఇంకోటి కాల్చావో బ్యారెల్ పగిలిపోవచ్చు. శబ్దం తేడాగా వస్తే అక్కడే ఆపి, ఖాళీ చేసి, బ్యారెల్ చూడాలి.

అందుకని కేసులన్నీ లోడింగ్ బ్లాకులో నిలబెట్టి, బుల్లెట్ పెట్టకముందు టార్చి వేసి ఒక్కో కేసులోకీ తొంగి చూడు. అన్నిట్లో మట్టం ఒకటే ఉండాలి. బెంచి మీద ఒకే పౌడర్ డబ్బా, పని అయ్యాక హాపర్ ఖాళీ చేసి అదే డబ్బాలో పొయ్యి. రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి అది ఏ పౌడరో ఎవరికి గుర్తుంటుంది? ఏ పౌడర్ అనుకుంటున్నావో చెప్పు, మాన్యువల్లో ఆ పేజీ తెరిచి మాట్లాడుకుందాం.