పుట్టిన బిడ్డకు వృషణం గట్టిపడి నీలంగా మారింది: తెల్లారేదాకా ఆగవచ్చా?

ప్రశ్న:
నెలలు నిండి పుట్టిన బాబు, వయసు 30 గంటలు. ఎడమవైపు తిత్తి ఉబ్బి నీలంగా మారింది, లోపల వృషణం గోలీలా గట్టిగా తగులుతోంది. ముట్టుకున్నా ఏడవడు, పాలు బాగానే తాగుతున్నాడు. పుట్టినప్పటి పరీక్షలో రెండువైపులా మామూలే అని రాసి ఉంది. డాప్లర్ (రక్తప్రవాహం చూపే స్కాన్) రేపు ఉదయం గానీ దొరకదు. వరిబీజం అనుకుని ఆగవచ్చా అండీ?

జవాబు 1:
ఆగొద్దండీ. మీరు రాసినదాంట్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ పుట్టినప్పటి నోట్. అప్పుడు బాగుండి ఇప్పుడు మారిందంటే వృషణానికి రక్తం తెచ్చే తాడుకు మెలిక (టార్షన్) కొత్తగా పడిందనే అనుకోవాలి, వృషణం దక్కే ఆశ ఇంకా ఉంది. స్కాన్ కోసం ఆపరేషన్ ఆపకూడదు. పిల్లల సర్జన్‌కు ఇప్పుడే ఫోన్ చేయండి. ఆఖరి పాలు ఎన్నింటికి పట్టారో రాసి, మత్తు డాక్టర్‌ను అడిగి ఆపండి. రక్తం గడ్డకట్టడానికి పుట్టగానే ఇచ్చే విటమిన్ కె ఇంజెక్షన్ పడిందో లేదో చూడండి. ఏడవడం లేదని ధైర్యపడొద్దు, ఈ వయసులో నొప్పి తెలియకుండానే వృషణం చచ్చిపోవచ్చు. వృషణం చుట్టూ ఉండే పొరలు తిత్తి గోడకు ఇంకా అంటుకోకపోవడంతో తాడు పొరలతో సహా తిరుగుతుంది. చేత్తో మెలిక విప్పే ప్రయత్నం వద్దు.

జవాబు 2:
సర్జన్ వచ్చేలోపు గది చీకటి చేసి, తిత్తి వెనక టార్చ్ పెట్టి చూడండి. వరిబీజమైతే మెత్తగా ఉండి ఎర్రగా వెలుగుతుంది. అయితే పసిపిల్లల్లో హెర్నియాలోకి దిగిన పేగు కూడా వెలుగుతుంది, వెలుతురు ఒక్కటే నమ్మొద్దు. గజ్జ దగ్గర బొటనవేలు, చూపుడువేలు మధ్య తాడును పట్టుకోండి. వాపు పైఅంచు దొరక్కుండా గజ్జలోకి సాగుతుంటే హెర్నియా. కడుపు ఉబ్బి, పచ్చని వాంతులైతే అదీ అత్యవసరమే.
ఇంకొకటి, తిత్తి నీలంగా ఉన్నా లోపల వృషణం మెత్తగా, మామూలుగా తగిలితే పొట్ట స్కాన్‌లో కిడ్నీ పైన ఉండే అడ్రినల్ గ్రంథిని చూడాలి. అక్కడ కారిన రక్తం పొట్ట నుంచి తిత్తికి ఉన్న, ఇంకా మూసుకోని దారిగుండా కిందికి దిగుతుంది. దానికి తిత్తి కోయనక్కర్లేదు.

జవాబు 3:
డాప్లర్ ముందే దొరికితే బాగున్న వైపు నుంచి మొదలుపెట్టండి. పసిపిల్లల్లో రక్తప్రవాహం మామూలుగానే సన్నం. మెషిన్‌లో వేగం స్కేలు, వాల్ ఫిల్టర్ (నెమ్మది ప్రవాహాన్ని వడకట్టేసే సెట్టింగ్) బాగా తగ్గించి, అటు రక్తప్రవాహపు రంగు కనిపించేదాకా సర్దాకే ఇటు చూడాలి. రెండువైపులా కనిపించకపోతే అది మెషిన్ లోపమూ కావచ్చు, రెండువైపులా మెలికా కావచ్చు. రెండోదే భయం. అందుకే ఆపరేషన్‌లో రెండో వృషణాన్నీ కుట్టి నిలబెట్టేయడం మేలని నా అభిప్రాయం.
పుట్టేటప్పటికే గట్టిగా ఉంటే లెక్క వేరు. అది దక్కడం చాలా అరుదు, ఎప్పుడు తెరవాలన్నదానిపై సర్జన్లలోనే ఏకాభిప్రాయం లేదు. మీ బాబు ఆ కోవలోకి రాడు.