దోస్తుకు తోటపని సామాన్లు ఇవ్వాలి: కంపెనీ సెట్టా, కమ్మరి చేసిందా?

నీలగిరి:
నా దోస్తు టీచరుగా రిటైరైంది. నల్లగొండలో ఇల్లు కట్టుకుంది, దసరా దాటాక గృహప్రవేశం. వెనక రెండు బత్తాయి చెట్లు, మల్లె పందిరి, 30 దాకా కుండీలు. చీర పెట్టే బదులు తోటపనికి పనికొచ్చేది ఇద్దామనుకుంటున్నాను. బడ్జెట్ 2,500. ఆన్‌లైన్‌లో చెక్కపెట్టెలో స్టెయిన్‌లెస్ సెట్ చూశాను: చేతి పార, ఖుర్పీ, పళ్లగొర్రు, కత్తెర, కలుపు పీకే ముల్లు. తీసుకోవచ్చా?

దేవరకొండ కొలిమి:
అక్కా, ఆ పెట్టె మీద డబ్బులు పెట్టకండి. మన ఎర్రచెల్క ఎండితే రాయే. చవక సెట్లలో చేతి పార మెడ దగ్గరే వంగిపోతుంది. ఏది కొన్నా అక్కడ చూడండి: రేకూ కాడా ఒకే ముక్కా, లేక రెండిటికీ వెల్డింగ్ చుక్క పెట్టారా? కాడ పిడిలోకి ఎంత లోతు పోయింది? పిడి మొదట్లో పొన్ను, అంటే ఆ లోహపు కట్టు, బిగుతుగా ఉందా? కమ్మరి దగ్గరికి పోతే లారీ కమాను పట్టీతో ఖుర్పీ చేసిస్తాడు. ఆ ఉక్కుకు పదును నిలుస్తుంది. తుమ్మ పిడి వేయిస్తే మనవళ్ల దాకా వస్తుంది.

మిద్దెతోట పాలమూరు:
తుప్పు సంగతి చెప్పరేం అన్నా? ఆ ఖుర్పీని రెండు రోజులు తడిమట్టిలో మరచిపోతే ఎర్రబడిపోతుంది. స్టెయిన్‌లెస్‌లో క్రోమియం ఉంటుంది కాబట్టి కడిగి పక్కన పెడితే చాలు. పదును కొంచెం తొందరగా పోతుంది, ఒప్పుకుంటా. కుండీల్లో మట్టి గుల్ల చేయడానికి అంత పదునెందుకు?

దేవరకొండ కొలిమి:
పనయ్యాక గుడ్డతో తుడిచి రెండు చుక్కల కొబ్బరినూనె రాస్తే తుప్పెక్కడిది? మా ఇంట్లో నాకన్నా వయసున్న కొడవలి ఉంది. ఇప్పటికీ గడ్డి కోస్తుంది.

నకిరేకల్ బత్తాయి:
కత్తెర మాత్రం కంపెనీదే కొనండి. సికేచర్లలో, అంటే కొమ్మలు కత్తిరించే కత్తెరల్లో, రెండు రకాలు. రెండు కత్తులూ ఒకదాని పక్క నుంచి ఒకటి జారేది పచ్చి కొమ్మకు. దిమ్మె మీద పడి నొక్కేది ఎండుపుల్లకు, దాంతో పచ్చి కొమ్మ కోస్తే బెరడు నలుగుతుంది. స్ప్రింగు విడిగా దొరికే బ్రాండు చూసుకోండి.

పిల్లలమర్రి నీడ:
పదునైన వస్తువు ఊరికే ఇస్తే స్నేహం తెగుతుందంటారు. ఆమె దగ్గర ఒక రూపాయి తీసుకోండి, కొనుక్కున్నట్టు అవుతుంది. శనివారం ఇనుము కొనకండి.

మిద్దెతోట పాలమూరు:
తుడవాలి, నూనె రాయాలి, సాన పట్టించాలి. కానుక ఇస్తున్నామా, పని అప్పజెప్తున్నామా? నాకు జరిగింది చెప్తా. మా అత్తగారి ఊరి నుంచి పార చేయించి తెచ్చారు. "ఎన్నేళ్లైనా ఉంటుంది" అన్నారు. ఉంటుంది, కానీ నేను ఎత్తలేను. అప్పటికే నా మణికట్టుకు ఆపరేషన్ అయింది. మూలన పెట్టినందుకు ఏడాదంతా మాటలు పడ్డాను. మొరటు సామాను ఇచ్చి, వాడలేదని మళ్లీ మనల్నే అనడం!

దేవరకొండ కొలిమి:
మేడం, మీ ఇంటి కోపం కమ్మరి మీద తీర్చుకోకండి. మొరటు అన్నారు కదా. మా నాయిన 40 ఏళ్లు కొలిమి ముందు కూర్చున్నాడు. పార అడిగితే ముందు మనిషిని నిలబెట్టి చూసేవాడు. పొట్టి మనిషికి పొట్టి కామ, సన్నటి చేతికి సన్నటి కామ. కామ చెక్కి చేతికిచ్చి "పట్టు" అనేవాడు, పట్టు కుదరకపోతే మళ్లీ చెక్కేవాడు. రెడీమేడ్ పారలు వచ్చాక కొలిమికి వచ్చే మనిషే లేడు. మీ పెట్టెలో సామాను ఎవరి చెయ్యి చూసి చేశారు?

మిద్దెతోట పాలమూరు:
మరి నేనూ అదే అడుగుతున్నా! ఉక్కు గురించి ఇన్ని మాటలయ్యాయి. వాడే ఆమె చెయ్యి ఎట్లుంది, నడుము ఎట్లుంది అని ఒక్కరైనా అడిగారా?

చిట్యాల:
మీరూ అడగలేదు. మీరు మొదలుపెట్టింది తుప్పుతో.

మిద్దెతోట పాలమూరు:
నిజమే, అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నా. నీలగిరి అక్కా, ఆమె కింద కూర్చుని లేవగలదా?

నీలగిరి:
లేవలేదు. ఇది మొదటే రాయాల్సింది. తను మర్రిగూడ దిక్కు పుట్టి పెరిగింది. ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నాయి గానీ, తను పెళ్లయ్యేదాకా తాగింది ఫ్లోరైడ్ బోరు నీళ్లే. ఆ నీళ్లకే నడుము సరిగా వంగదు, గొంతుక్కూర్చోలేదు. మొన్న వెళ్తే మల్లె పాదులో కలుపును చెప్పు కొనతో తొక్కి పెరుకుతోంది. నేను చూసి కూడా ఏమీ అనలేదు. ఆ సెట్లో ఐదింటికీ పిడి జానెడే ఉంది. పెట్టె బాగుందని మురిశాను, అది చూడలేదు.

దేవరకొండ కొలిమి:
అయితే ఖుర్పీ వద్దక్కా, నేను చెప్పింది తప్పు. నిలబడి లాగే దోకుడుపార కావాలి. రేకు నాలుగంగుళాలు, పల్చగా. తుమ్మ కామ బరువు, వెదురు వేయాలి. ఆమె నిటారుగా నిలబడితే నేల నుంచి గడ్డం దాకా ఎంతో కొలిచి పంపండి. కొలిమి ఇంకా విప్పలేదు. నాయిన సుత్తి పట్టలేడు, పక్కన కూర్చుని చెప్తాడు, నేను కొడతా.

మిద్దెతోట పాలమూరు:
ఆమెకు చెప్పి కొలవండి. నాకు అడగకుండా తెచ్చారు, నా బాధంతా అదే.

దేవరకొండ కొలిమి:
అడిగితే వద్దంటుంది మేడం. ఆ వయసు వాళ్లు ఏదడిగినా వద్దనే అంటారు.

మిద్దెతోట పాలమూరు:
వద్దంటే రెండోసారి అడగాలి. చాటుగా కొలవకూడదు.

నకిరేకల్ బత్తాయి:
మెడ కూడా పట్టేసి ఉంటే బత్తాయి పైకొమ్మల జోలికి ఆమెను పోనివ్వకండి. మల్లెకు చిన్న కత్తెర చాలు. కాయ దిగాక చెప్పండి, ఒక పూట వచ్చి ఎండుకొమ్మలు నేను తీసిపెడతా.

నీలగిరి:
రేపు పొద్దున టేపు పట్టుకుని వెళ్తున్నా. ఎందుకో చెప్పే కొలుస్తా.