ఆర్ఆర్ఆర్‌లో స్కాట్ దొరగా చేసినాయనవి ఇంకేం చూడొచ్చు?

కూకట్‌పల్లి కుర్రోడు:
మొన్న ఆదివారం ఏం తోచక రోమ్ అని పాత సిరీస్ పెట్టా, 2005ది, హెచ్‌బీవో బీబీసీ కలిసి తీసింది. అందులో టైటస్ పుల్లో అని సీజర్ సైన్యంలో సిపాయి ఉంటాడు, తాగుతాడు కొట్టుకుంటాడు, నవ్వితే గోడలు అదురుతాయి. మూడు ఎపిసోడ్లు అయినా వీణ్ణెక్కడో చూశానే అని బుర్ర గోక్కుంటుంటే మా అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఒక్క చూపు చూసి, వీడు మల్లిని ఎత్తుకుపోయిన దొర కదరా అంది. (అందులో పెద్దలకి మాత్రమే సీన్లు బోలెడు, పది నిమిషాల ముందు అమ్మ వచ్చుంటే నా పని అయిపోయేది.) 2022లో సుదర్శన్‌లో మొదటిరోజే చూసిన నాకు మాత్రం వెలగలేదు. పేరు రే స్టీవెన్సన్ అంట. ఇంకేం చూడొచ్చు, అన్నీ విలన్ వేషాలేనా?

ఇరానీ చాయ్:
అన్నా ముందుగాల రోమ్ మొత్తం కానియ్యి, రెండు సీజన్లే, 22 ఎపిసోడ్లు. మొదటి సీజన్ చివర్ల అరీనా సీను ఉంటది, పుల్లోని చంపనీకి గ్లాడియేటర్లను తోలుతరు, ఈయన కింద కూసోని నేను కొట్లాడ అంటడు, ఎంత రెచ్చగొట్టినా లేవడు. అప్పుడు ఒకడు 13వ లీజియన్‌ను, అంటే పుల్లో పనిచేసిన సైనిక దళాన్ని, తిడతడు. ఇగ జూడు, ఆ మొఖం ఎట్ల మారుతదో! గా ఒక్క సీను కోసం నేను మల్ల మల్ల పెట్టుకుంట.

రెండో ఆట:
విలన్లే కాదు. అసలాయన యాక్టింగ్‌కి లేటుగా వచ్చాడు, లండన్‌లో ఇంటీరియర్ డిజైనర్ ఉద్యోగం, ఓ రోజు జాన్ మాల్కోవిచ్ నాటకం చూసి మనసు మారి బ్రిస్టల్ ఓల్డ్ విక్ స్కూల్లో చేరాడు, బయటికొచ్చేసరికి 29 ఏళ్ళు. మన కోట గారు బ్యాంకులో పనిచేస్తూ నాటకాలు ఆడలా, అట్టా అన్నమాట. 2008లో పనిషర్ అనే కామిక్స్ హీరోగా ఛాన్స్ వచ్చింది గానీ సినిమా ఆడలేదు. తర్వాత థోర్ సినిమాల్లో పొట్ట కట్టుకుని గడ్డం పెట్టుకుని తిండిపోతు వోల్‌స్టాగ్ అయ్యాడు, చాలామందికి అదీ ఈయనే అని తెలీదు. నన్నడిగితే మాత్రం డెక్స్‌టర్ అనే క్రైమ్ సిరీస్ ఏడో సీజన్. ఉక్రెయిన్ గ్యాంగ్ లీడర్ ఐజాక్, తను ప్రేమించిన విక్టర్‌ని చంపాడని హీరో వెంట పడతాడు. బార్‌లో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మాట్లాడుకునే సీన్ ఉంది, అరుపు లేదు, చెయ్యి కూడా లేవదు, చంపడానికి వచ్చినోడి మీద మనకే జాలేస్తుంది.

బంజారా బాబాయ్:
ఒప్పుకుంటా కానీ ఆర్ఆర్ఆర్‌లో ఆయన్ని సగం కూడా వాడలేదయ్యా, కోపంగా చూడటం తప్ప పనేముంది. ఒక్క తూటా సీన్ తప్ప. ఇంగ్లాండ్‌లో తయారై సముద్రాలు దాటొచ్చిన తూటా విలువెంతో సిపాయికి మెల్లగా లెక్కచెప్తాడు, ఏదో కిరాణా కొట్టు పద్దు చదివినట్టు. మల్లి తల్లి అక్కడే నిలబడి ఉంటుంది. ఆ గొంతు పెంచి ఉంటే సీన్ పోయేది. చివర్లో తూటాతోనే పోతాడు కాబట్టి అంత ప్రశాంతంగా చెప్పడమే కరెక్టు. అన్నట్టు స్టార్ వార్స్ వాళ్ళ అశోకా సిరీస్ కూడా చూడు, బేలన్ స్కాల్ అని కత్తి పట్టిన పెద్దమనిషి, తప్పు దారిలో ఉన్నాడని తనకే తెలుసన్నట్టు నడుస్తాడు. అది 2023 ఆగస్టులో వచ్చింది, ఆయన మేలోనే పోయాడు, ఇటలీలో షూటింగ్‌కి వెళ్ళి. ఇంకో నాలుగు రోజులుంటే 59 నిండేవి.

కూకట్‌పల్లి కుర్రోడు:
థాంక్స్ అందరికీ. ముందు అరీనా సీన్ దాకా వెళ్తా, తర్వాత డెక్స్‌టర్. ఆయన పోయిన సంగతి అమ్మకి చెప్తే, అయ్యో, థియేటర్లో ఎన్ని శాపనార్థాలు పెట్టానురా అని కాసేపు నొచ్చుకుంది. ఇప్పుడేమో ఆ రోమ్ ఏదో నాక్కూడా మొదట్నుంచి పెట్టు అని కూర్చుంది. ఏం చెప్పి తప్పించుకోవాలో ఎవరైనా అర్జెంటుగా చెప్పండి బాబూ.