చిన్న కళాశాలలో బీఎస్సీ రసాయనశాస్త్రం: ఏమి చూసి చేర్చాలి, చేరాక ఎలా వాడుకోవాలి?

ప్రశ్న – మలికిపురం మండలం నుంచి ఒక తండ్రి

పెద్దలందరికీ నమస్కారం. మా అమ్మాయి ఈ యేడు ఇంటర్మీడియట్ ఎంపీసీ మంచి మార్కులతో పూర్తిచేసింది. ఇంజనీరింగులో సీటు వచ్చే ర్యాంకే ఉన్నా, రసాయనశాస్త్రం మేజర్‌గా (ప్రధాన సబ్జెక్టుగా) బీఎస్సీ చదివి, ఆపైన ఎమ్మెస్సీ ఏదైనా పెద్ద సంస్థలో చేస్తానని గట్టిగా చెబుతోంది. ఆమె నిర్ణయం మార్చే ఉద్దేశం నాకు లేదు. చిక్కల్లా ఎక్కడ చేర్చాలన్న దగ్గరే వచ్చింది. ఆర్టీసీ బస్సులో రోజూ వెళ్లి రాగలిగిన దూరంలో ఒక పాత కళాశాల ఉంది. మా నాన్నగారి తరం వాళ్లు అక్కడే చదువుకున్నారు; ఇప్పుడు పిల్లలు బాగా తగ్గారని విన్నాను. రెండవది విజయవాడలో హాస్టల్‌తో కూడిన పెద్ద కళాశాల. చిన్న కాలేజీలో వేస్తే పిల్ల నూతిలో కప్పలా మిగిలిపోతుందని మా బావమరిది అంటున్నాడు. ఆడపిల్లను అంత దూరం పంపడం ఎందుకని మా ఇంట్లో అంటున్నారు. ఈ రెండు మాటల్లోనూ చదువు ప్రస్తావన లేదని నాకు అనిపించింది. చిన్న కళాశాలను ఎంచుకునే ముందు ఏమేమి చూడాలో, చేరిన తరువాత ఆ సంవత్సరాలను ఆమె ఎలా వినియోగించుకోవాలో తెలిసినవారు చెప్పగలరు. నేను కొబ్బరితోట, రొయ్యల చెరువు చూసుకునేవాణ్ణి. డిగ్రీ చదువుల లోతుపాతులు నాకు తెలియవు.

జవాబు – విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకురాలు, భీమవరం

నమస్కారమండి. మీరు చెప్పిన కళాశాల ఏదో అడగను, ఎందుకంటే డెల్టాలో అటువంటివి చాలానే ఉన్నాయి. ఒకప్పుడు ఇక్కడివారు డిగ్రీ చదవాలంటే రాజమహేంద్రవరమో కాకినాడో వెళ్లవలసి వచ్చేది. ఆ అవస్థ తప్పించేందుకే భీమవరంలో 1945లోనూ, నరసాపురంలో 1949లోనూ, అమలాపురంలో 1951లోనూ స్థానిక దాతల చొరవతో కళాశాలలు వెలిశాయి. మీ నాన్నగారి తరం వాటి గురించి చెప్పే మంచిమాటలు నిజమే. అయితే ఆ పేరు తెచ్చినవారు ఒకేచోట దశాబ్దాల తరబడి పాఠం చెప్పిన మనుషులు. కాకినాడ పిఠాపురం రాజా కళాశాల ప్రస్తావన వస్తే, 1904 నుంచి 1919 వరకు అక్కడ ప్రిన్సిపాల్‌గా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడు గారిని మనవాళ్లు ఇప్పటికీ తలుచుకోవడం అందుకే. ఆ తరహా అధ్యాపకులు పదవీ విరమణ చేశాక ప్రభుత్వం జీతమిచ్చే ఎయిడెడ్ పోస్టులు చాలాచోట్ల భర్తీ కాలేదు. 2021లో ఎయిడెడ్ అధ్యాపకులను ప్రభుత్వ కళాశాలల్లోకి తీసుకునే ప్రక్రియ మొదలైనప్పుడు, ఉన్నవారిలోనూ కొందరు పాత చోటు వదిలి వెళ్లారు. అందువల్ల పాత పేరును పక్కనపెట్టి, నేడు ఆ కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పేవారు ఎందరు, వారిలో పూర్తికాలం పనిచేసేవారెవరు, రెండు మూడేళ్లుగా వారే ఉన్నారా లేక ఏటా మారుతున్నారా అన్నది ముందుగా తెలుసుకోండి. నా దృష్టిలో నిలకడగా ఉన్న ఇద్దరు మంచి అధ్యాపకులు చాలు; ఒక్కరు కూడా లేకపోతే మాత్రం ఇల్లు ఎంత దగ్గరైనా అక్కడ చేర్చవద్దు.

రెండవ విషయం, పిల్లలు తక్కువగా ఉండటం ఒక హద్దు వరకే మేలు. 2023–24 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీకి ఒకే మేజర్ పద్ధతి వచ్చింది. అంతకు ముందు గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం మూడూ కలిపి చదివే తరగతిలో ఒక సబ్జెక్టు మీద ఆసక్తి తగ్గినా తరగతి నడిచిపోయేది. ఇప్పుడు మేజర్ విడిగా నిలబడాలి కనుక, చేరినవారు మరీ తక్కువైతే యాజమాన్యం ఆ మేజర్ ఎత్తివేసి, పిల్లలను మరో సబ్జెక్టుకు మారమని అడిగే ప్రమాదం ఉంటుంది. నిరుడు ఆ మేజర్‌లో ఎందరు చేరారు, ఇప్పుడు రెండవ సంవత్సరంలో ఎందరు మిగిలారు అన్న రెండు అంకెలూ అడిగి తెలుసుకుని, ఆ తరువాతే వెబ్ ఆప్షన్లు పెట్టండి.

ఇక ప్రయోగశాల. చిన్న కళాశాలకు ఉన్న అసలైన బలం ఇక్కడే ఉందని నా నమ్మకం, కాబట్టి కొంచెం విస్తరించి చెబుతాను. పెద్ద కళాశాలల్లో ఒక బ్యాచ్‌లో ముప్పై మంది ఉంటే, ఒక్కో బ్యూరెట్ (ద్రావణాన్ని కొలిచి చుక్కలుగా వదిలే గాజు గొట్టం) ముందు ముగ్గురు నలుగురు నిలబడతారు. ఒకరు టైట్రేషన్ (చుక్కచుక్కగా ద్రావణం కలిపి గాఢత కనుక్కోవడం) చేస్తారు, మిగిలినవారు రీడింగులు రాసుకుంటారు, రికార్డు మాత్రం అందరిదీ నిండుతుంది. పన్నెండు మంది ఉన్న తరగతిలో ప్రతి విద్యార్థికీ సొంత బ్యూరెట్ ఉంటుంది. మొదటి రీడింగు తప్పితే కడిగి మళ్లీ చేయడానికి సమయం ఉంటుంది. ఎండ్ పాయింట్ (చర్య పూర్తయిందని రంగు మారి తెలిసే చోటు) ఎందుకు దాటిపోయిందో అడిగితే చెప్పే మనిషి పక్కనే ఉంటారు. అయితే ఈ బలం ఉందో లేదో చూసి తెలుసుకోవలసిందే. అడ్మిషన్ల హడావిడి రోజున కాకుండా, తరగతులు జరిగే మామూలు రోజున వెళ్లి ప్రయోగశాల చూపించమని అడగండి. సింకులో నీళ్లు వస్తున్నాయా, రసాయనాల సీసాల మీద తేదీలు ఎప్పటివి, కెమికల్ బ్యాలెన్స్ పనిచేస్తోందా, విద్యార్థుల రికార్డుల్లో అందరి రీడింగులూ ఒకేలా ఉన్నాయా అన్నవి మీ అమ్మాయే చూడగలదు. రీడింగులన్నీ అచ్చుగుద్దినట్టు ఉంటే అక్కడ ప్రయోగాలు జరగడం లేదని అర్థం.

కళాశాలల నాణ్యతను మదింపు చేసే జాతీయ సంస్థ న్యాక్ ఇచ్చే గ్రేడు గురించి అందరూ చెబుతారు గనుక ఒక్క మాట. నాలుగు పాయింట్ల కొలమానంపై ఇచ్చిన ఆ గ్రేడుకు సాధారణంగా ఐదేళ్ల కాలపరిమితి ఉంటుంది, కాబట్టి బోర్డు మీద రాసిన అక్షరం కంటే అది ఏ సంవత్సరంలో ఇచ్చారో చూడండి. గ్రేడు కోసం కళాశాల సమర్పించిన స్వీయ అధ్యయన నివేదిక వారి వెబ్‌సైటులో ఉంటే, అధ్యాపకుల సంఖ్యను అందులోనూ సరిచూసుకోవచ్చు.

జవాబు – పాలకొల్లు ప్రాంతపు పూర్వ విద్యార్థి, ప్రస్తుతం పరిశోధక విద్యార్థి

మేడమ్ గారు ఎంపిక గురించి చెప్పినదంతా నా అనుభవానికి సరిపోతుంది. నేను కూడా ఇటువంటి చిన్న కళాశాల నుంచే వచ్చాను గనుక, చేరిన తరువాత సంగతులు రాస్తాను. బాబాయి గారూ, ఇది మీ అమ్మాయికి చదివి వినిపించండి.

చిన్న కళాశాలలో అధ్యాపకుల సమయం దొరుకుతుంది, కానీ అడిగినవారికే దొరుకుతుంది. తరగతిలో ఒక్కరూ ప్రశ్న వేయకపోతే ఎంత మంచి అధ్యాపకులైనా సిలబస్ పూర్తిచేసి వెళ్లిపోతారు. మొదటి సెమిస్టరు నుంచే వారానికొకసారి, అర్థంకాని లెక్కనో, చర్య జరిగే విధానాన్నో రాసుకుని వెళ్లి స్టాఫ్ రూములో కూర్చోవడం అలవాటు చేసుకోవాలి. ఊరికే 'అర్థం కాలేదు' అనకుండా, ఎక్కడి వరకు తాను చేసిందో, ఏ మెట్టు దగ్గర ఆగిందో కాగితం మీద చూపించాలి. ఈ పరిచయం వల్ల మరొక ప్రయోజనం కూడా ఉంది. దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి ఏటా విద్యార్థులకు రెండు నెలల వేసవి పరిశోధన ఫెలోషిప్ ఇస్తాయి. దానికి దరఖాస్తులు ముందు సంవత్సరం చివరి నెలల్లోనే ముగుస్తాయి. తాను ఏమి చేయదలచుకున్నదో విద్యార్థి స్వయంగా రాయాలి, తనను ఎరిగిన అధ్యాపకుల సిఫార్సు లేఖ జతచేయాలి. వందలాది మందిలో ముఖం కూడా గుర్తులేని విద్యార్థికి రాసే లేఖకూ, రెండేళ్లుగా తన బల్ల దగ్గర కూర్చుని ప్రశ్నలడిగిన విద్యార్థికి రాసే లేఖకూ తేడా చదివేవారికి ఇట్టే తెలిసిపోతుంది.

మన రాష్ట్రంలో 2020–21 నుంచి డిగ్రీలో ఇంటర్న్‌షిప్‌లు, సమాజ సేవా ప్రాజెక్టు తప్పనిసరి అయ్యాయి. చాలామంది వీటిని ఎక్కడో సర్టిఫికెట్ సంపాదించి ముగిస్తారు. మీ ఇంట్లోనే రొయ్యల చెరువు ఉండగా మీ అమ్మాయికి ఆ అవసరం లేదు. తెల్లవారుజామున చెరువులో కరిగిన ఆక్సిజన్ పడిపోతుందని, అందుకే రాత్రంతా ఏరేటర్లు తిప్పుతారని మీకు తెలుసు. పగలు నీటిలోని నాచు ఆక్సిజన్ విడుదల చేస్తుంది, రాత్రి అదే నాచు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. ఆ ఆక్సిజన్‌ను కొలిచే వింక్లర్ పద్ధతి మామూలు డిగ్రీ ప్రయోగశాలలో చేయగలిగినదే: బుడగ లేకుండా సీసా నింపి, మాంగనీస్ సల్ఫేటు, క్షారీకృత అయొడైడు కలిపి, ఏర్పడిన గోధుమరంగు అవక్షేపాన్ని ఆమ్లంలో కరిగించి, వెలువడిన అయొడిన్‌ను సోడియం థయోసల్ఫేటుతో, గంజిపొడి ద్రావణం సూచికగా టైట్రేట్ చేయాలి. సాయంత్రం, అర్ధరాత్రి, తెల్లవారుజామున తీసిన నమూనాలను, మొదటి రెండు రసాయనాలు గట్టు మీదనే కలిపి మూత బిగించి, పరీక్షించి, క్షారత, లవణీయత కూడా చేర్చి ఒక్క పంటకాలం లెక్కలు పట్టికగా రాస్తే, అటువంటి ప్రాజెక్టు పెద్ద కళాశాలల్లో కూడా అరుదు. అధ్యాపకుల ద్వారా లేఖ రాయించుకుంటే మార్టేరులోని వరి పరిశోధన స్థానం, అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానం, కాకినాడలోని కేంద్ర మత్స్య విద్యాసంస్థ ప్రాంతీయ కేంద్రం వంటి చోట్లకు వెళ్లి చూసి రావడానికి ప్రయత్నించవచ్చు. ఇవన్నీ మన చుట్టుపక్కలే ఉన్నాయి.

కళాశాలలో లేని పాఠం కోసం ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్ ఉంది. పాఠాలు వినడం ఉచితం, పరీక్ష రాయాలంటేనే రుసుము. పన్నెండు వారాల కోర్సులో అసైన్‌మెంట్లకు 25 శాతం, పరీక్షకు 75 శాతం లెక్క. సెమిస్టరుకు ఒక్క కోర్సు మించి పెట్టుకోవద్దు. మూడు నాలుగు మొదలుపెట్టి సగంలో వదిలేసినవారినే నేను ఎక్కువగా చూశాను. ఎమ్మెస్సీకి ఐఐటీల్లో చేరాలంటే జామ్ పరీక్ష రాయాలి: మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. హైదరాబాదు విశ్వవిద్యాలయం వంటి కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు 2022 నుంచి సీయూఈటీ పీజీ వచ్చింది, రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాలకు పీజీసెట్ ఉంది. వీటి పాత ప్రశ్నపత్రాలను రెండవ సంవత్సరం నుంచే ముందు పెట్టుకుంటే, సెమిస్టరు పరీక్షకు చదివే చదువు ఎక్కడ సరిపోదో తానే గ్రహిస్తుంది.

జవాబు – తణుకు నుంచి మరొక తండ్రి

పై ఇద్దరూ చెప్పినది బాగుంది గానీ, నాణేనికి రెండో వైపు కూడా రాయాలి. మా అబ్బాయిని ఇంటికి దగ్గరన్న ఒక్క కారణంతో ఒక చిన్న కళాశాలలో చేర్చాము. అధ్యాపకులు ఉన్నారు, మంచివారే. అయితే తరగతిలో పోటీపడి చదివే తోటివారు లేరు. హాజరు పట్టించుకోని పిల్లల మధ్య ఒక్కడే శ్రద్ధగా కూర్చోవడం ఆ వయసులో తేలిక కాదు, మొదటి ఏడాది గడిచేసరికి వాడిలోనూ ఆ నిర్లక్ష్యం కనిపించింది. ప్రాంగణ నియామకాలకు కంపెనీలు రాలేదు. పరిశోధక విద్యార్థి గారు చెప్పిన పనులన్నీ ఎవరూ పురమాయించకుండానే చేసుకునే స్వభావం ఉన్న పిల్లలకు సాధ్యం. అటువంటివారు ఎక్కడ చదివినా పైకి వస్తారు. మీ అమ్మాయి తనంతట తాను పుస్తకం తీసే మనిషా, పక్కవారు తీస్తే తీసే మనిషా అన్నది మీకే తెలియాలి. రెండవ రకమైతే విజయవాడ ఖర్చు దండగ కాదని నా అభిప్రాయం. రోజూ బస్సులో పోయే సమయాన్ని కూడా లెక్కలో వేసుకోండి. మధ్యాహ్నం తరగతి అయిపోగానే బస్సు కోసం పరుగెత్తే అమ్మాయికి, స్టాఫ్ రూములో కూర్చునే తీరిక ఎక్కడ ఉంటుంది?

ప్రశ్న వేసిన తండ్రి

అందరికీ కృతజ్ఞతలు. తణుకు మిత్రులు అడిగిన ప్రశ్న నన్ను ఆలోచింపజేసింది. మా అమ్మాయి మొదటి రకమే, అందులో నాకు సందేహం లేదు. చెరువు నీటి ప్రాజెక్టు సంగతి చదివి వినిపించగానే నా దగ్గరున్న నీటి పరీక్షల చీటీలన్నీ అడిగి తీసుకుంది. బస్సు సమయాల గురించి మాత్రం నేను ఆలోచించలేదు. చివరి బస్సు సాయంత్రం ఎన్నింటికో ఈ రోజే కనుక్కుంటాను. ఒక్క సందేహం. అడ్మిషన్ తీసుకోకముందే వెళ్లి అధ్యాపకులను కలిసి, ప్రయోగశాల చూపించమని, ఇన్ని ప్రశ్నలు అడగడం వారికి తప్పుగా తోచదా?

జవాబు – విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకురాలు, భీమవరం

తప్పుగా తోచదండి. మంచి మార్కులున్న అమ్మాయి తన సబ్జెక్టును కోరుకుని వస్తోందంటే, పిల్లలు తగ్గిపోతున్న విభాగంలో పనిచేసే అధ్యాపకులు సంతోషంగా కూర్చోబెట్టి మాట్లాడతారు. విసుక్కుంటే, చేరాక కూడా విసుక్కుంటారని ముందే తెలిసినట్టు. మధ్యాహ్నం ప్రాక్టికల్స్ జరిగే వేళకు వెళ్లండి, ముందుగా ప్రిన్సిపాల్ గారి అనుమతి తీసుకోండి. మీరు బయట వరండాలో కూర్చుని, ప్రశ్నలు అమ్మాయినే అడగనివ్వండి. ఆమె మార్కుల జాబితాతో పాటు ఆ నీటి పరీక్షల చీటీలు కూడా వెంట తీసుకువెళ్లి, వీటితో మొదటి ఏడాది ఏమి చేయవచ్చో ఆ అధ్యాపకులనే అడగమనండి. బస్సు విషయంలో తణుకు వారి మాటే సరైనది: సాయంత్రం ఐదు తరువాత బస్సు లేకపోతే, వారంలో రెండు రోజులైనా ఆ ఊళ్లో బంధువుల ఇంట ఆగే ఏర్పాటు ఉందేమో చూసుకుని, అప్పుడు నిర్ణయించండి.