వానాకాలం ముందు రాజమండ్రికి మారుతున్నాం: ఎర్రనీళ్ళు, బ్రిడ్జి, పులస సంగతులు చెప్పండి

కొత్తబిచ్చగాడు:
జూన్ ఆఖరుకి దానవాయిపేట వైపు అద్దె ఇంట్లో దిగుతున్నాం, ఆఫీసేమో కొవ్వూరులో. చూడదగ్గ ప్రదేశాలు ఎవరైనా చెప్తారు, నాకు కావలసింది రోజువారీ గొడవ. జులైలో కుళాయిలో ఎర్రనీళ్ళు వస్తాయంటున్నారు, తాగడం ఎలా? కొవ్వూరికి రోజూ రైలు నయమా, బ్రిడ్జి మీదుగా వెళ్ళడం నయమా? గోకవరం బస్టాండ్, కోటిపల్లి బస్టాండ్, రాజమండ్రి స్టేషన్, గోదావరి స్టేషన్ అన్నీ ఒకే ఊళ్ళో ఎందుకున్నాయి? పులస కొంటే మోసపోకుండా ఎలా కొనాలి? హైదరాబాద్ నుంచి కూలర్ కూడా తెస్తున్నాం.

ఒండ్రుమట్టి:
నీళ్ళ సంగతి నేను చెప్తానండి. ఆ ఎరుపు పైనుంచి దిగే ఒండ్రు. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి వైపు వానలు గట్టిగా పడితే ఆ మట్టంతా ఇక్కడికే వస్తుంది. కార్పొరేషన్ వాళ్ళు శుద్ధి చేసే వదులుతారు గానీ, వరద ముదిరిన రోజుల్లో నీళ్ళలో మడ్డి కొంత మిగిలిపోతుంది.

పటిక తెచ్చిపెట్టుకోండి. (పచారీ కొట్లో గట్టిగా చెప్పండి, లేకపోతే పటికబెల్లం పొట్లం కట్టిస్తారు.) 20 లీటర్ల బిందెకి శనగగింజంత చాలు. దాన్ని నలిపి గ్లాసుడు నీళ్ళలో కరిగించి బిందెలో పొయ్యండి. ఓ నిమిషం గరిటెతో గబగబా తిప్పి, తర్వాత ఐదు నిమిషాలు మెల్లమెల్లగా తిప్పండి. ఆ మెల్లగా తిప్పేటప్పుడే కనబడుతుంది: దుమ్ము దుమ్ముగా ఉన్నదంతా దూదిపింజల్లా కూడుకుని, బరువెక్కి కిందికి దిగుతుంది. ఇక ముట్టుకోకూడదు. చాలామంది తేరుతోందో లేదోనని మళ్ళీ కలుపుతారు, పింజలు చితికిపోయి మొదటికొస్తుంది. రెండు మూడు గంటలాగి పైన తేటని వంచుకోండి, అడుగున నాలుగు వేళ్ళ నీళ్ళు మొక్కలకి పోసెయ్యండి. పటిక ఎక్కువైతే నాలుక మీద వగరు తెలుస్తుంది, పప్పు కూడా సరిగ్గా ఉడకదు.

చిల్లగింజ దొరికితే అదీ వాడొచ్చు. కుండ లోపలి గరుకు గోడకి గింజని తడిపి అరగదీసి నీళ్ళు పోస్తారు. పటికంత వేగంగా పని చెయ్యదు గానీ వగరు రాదు.

అన్నిటికన్నా ముఖ్యం, తేరిన నీళ్ళు తాగే నీళ్ళయిపోవు. పటిక మట్టిని దింపుతుంది, క్రిముల పని పూర్తిగా పట్టదు. పొయ్యి మీద పెట్టి, తెర్లడం (మరగడం) మొదలయ్యాక ఓ నిమిషం ఉంచి దించండి. క్లోరిన్ బిళ్ళ వేసేవాళ్ళు కూడా ముందు తేర్చాకే వెయ్యాలి. మడ్డినీళ్ళలో వేస్తే క్లోరిన్ సగం ఆ మట్టికే ఖర్చయిపోతుంది.

ఫిల్టర్ మెషీన్ ఉంటే, బయటి గిన్నెలో ఉండే తెల్ల నూలుకండె లాంటి ఫిల్టరు రెండు అదనంగా కొనిపెట్టుకోండి. మామూలుగా మూడు నెలలొచ్చేది ఈ రోజుల్లో రెండు మూడు వారాలకే ఇటుకరంగుకి తిరుగుతుంది. అలాగే వదిలేస్తే నీటిధార సన్నబడుతుంది, మెషీన్ పాడయిందనుకుని మెకానిక్‌ని పిలుస్తారు. అపార్ట్‌మెంట్ అయితే సంప్‌లోకి నీళ్ళు పడుతుండగా మోటారు వెయ్యొద్దని వాచ్‌మన్‌కి చెప్పండి. పడే ధారకి అడుగు ఒండ్రు లేచి, అదే మీ ఓవర్‌హెడ్ ట్యాంకులోకి ఎక్కుతుంది. ఫుట్‌వాల్వ్ సంప్ అడుక్కి ఆనకుండా జానెడు ఎత్తులో ఉండాలి.

మూడోప్లాట్‌ఫాం:
బస్టాండ్ల లెక్క తేలికే. బస్టాండ్ పేరు ఊళ్ళో చోటుది కాదు, అక్కణ్ణుంచి బయల్దేరే దారిది. గోకవరం బస్టాండ్ అంటే ఏజెన్సీ వైపు, కోటిపల్లి బస్టాండ్ అంటే రామచంద్రపురం, కోటిపల్లి వైపు. దూరప్రాంతాల బస్సులకి ఆర్టీసీ కాంప్లెక్స్. ఆటో ఎక్కి ఊరికే "బస్టాండ్" అంటే "ఏ బస్టాండండీ?" అనే ప్రశ్న ఖాయం. వీధి పేరు చెప్పినా లాభం లేదు. షేర్ ఆటోకి దేవీచౌక్, తాడితోట, మోరంపూడి, లాలాచెరువు లాంటి సెంటర్ పేరే చెప్పాలి. ఎక్కేముందే చెప్పండి, ఎందుకంటే తాడితోటకని ఎక్కినవాళ్ళు ఎక్కువైతే డ్రైవరు మీ దారి మార్చేస్తాడు. పది, ఇరవై నోట్లు జేబులో ఉంచుకోండి.

స్టేషన్లు: విజయవాడ వైపు నుంచి వస్తుంటే వరస కొవ్వూరు, బ్రిడ్జి, గోదావరి, రాజమండ్రి. ఎక్స్‌ప్రెస్‌లు చాలావరకు గోదావరిలో ఆగవు. టికెట్ మీద ఆర్‌జేవై అని ఉంటే రాజమండ్రి, జీవీఎన్ అని ఉంటే గోదావరి. రాత్రి బండిలో అలారం అక్కర్లేదు. కిటికీ అవతల గాలి మారి, కింద చక్రాల చప్పుడు బోలుగా మోగడం మొదలైందంటే బ్రిడ్జి ఎక్కినట్టే. దుప్పటి అప్పుడే మడవాలి, గట్టు కనబడ్డాక కాదు. సామాను గుమ్మం దగ్గరికి చేర్చేలోపు స్టేషన్ వచ్చేస్తుంది. విశాఖ వైపు నుంచి వచ్చేవాళ్ళకి మాత్రం ఈ సదుపాయం లేదు పాపం.

కొవ్వూరికి రోజూ వెళ్ళేవాళ్ళకి రైలు నమ్మకం కాదు. వేళకి దొరికే పాసింజర్లు తక్కువ, వచ్చింది కూడా ఎక్స్‌ప్రెస్‌కి దారిచ్చి ఆగుతుంది. బస్సు, ఆటో, లేదా సొంత బండి. 1974లో తెరిచిన రోడ్డు-కం-రైలు బ్రిడ్జి మీద పైన రోడ్డు, కింద రైలు. బండి మీద వెళ్తే రెండు చూసుకోండి: స్పాన్ల మధ్య జాయింట్ల దగ్గర గతుకు, నది మధ్యలో పక్కనుంచి కొట్టే గాలి. జాయింటుని అడ్డంగా, నిటారుగా దాటాలి, ఓవర్‌టేక్ చేస్తూ ఏటవాలుగా దాటితే ముందు చక్రం జారుతుంది. వానలో మరీను. ఏదైనా బండి చెడి బ్రిడ్జి ఆగిందంటే రెండు దారులు: నదికి ఎగువన 2015లో వచ్చిన నాలుగో బ్రిడ్జి, దిగువన ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా విజ్జేశ్వరం. బ్యారేజీ దారి చుట్టు. అదీగాక, నాలుగు ముక్కలుగా 175 గేట్లున్న ఆ వంతెన మీద వరద రోజుల్లో ఊరంతా నీళ్ళు చూడ్డానికే నిలబడి ఉంటుంది.

అన్నట్టు, కొవ్వూరు గోదారికి పడమటి గట్టున ఉన్నా 2022 నుంచి తూర్పుగోదావరి జిల్లాయే. ఫారాల్లో పశ్చిమ అని రాసి తిరిగి రాయకండి.

ముళ్ళుతీసేవాడు:
పులస దగ్గరికొద్దాం. పులస వేరే చేపేం కాదు. సముద్రంలో విలస, వరదనీటికి ఎదురీది గోదాట్లోకొస్తే పులస. ఎదురీత, మంచినీళ్ళు కలిసి ఆ రుచి వస్తుందంటారు. జులై నుంచి సెప్టెంబరు దాకా, ఎర్రనీళ్ళున్నన్నాళ్ళే. ధవళేశ్వరం బ్యారేజీ దాకా వచ్చి ఆగిపోతుంది కాబట్టి యానాం నుంచి బ్యారేజీ దాకా ఉన్న నదిలో పడిందే అసలు సరుకు. మిగతాది ఒడిశా, బెంగాల్ నుంచి ఐసులో వచ్చే విలస. పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు గానీ, ఐసు విలసకి పుస్తెలు అమ్మక్కర్లేదు.

కొనేటప్పుడు రంగు చూడండి: విలస తళతళా వెండిలా ఉంటుంది, పులస వీపు మీద కాస్త ఎరుపు, పసుపు జీర ఉంటుంది. మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి. గోధుమరంగు వస్తే ఐసులో నాలుగు రోజులు పడుకున్నదే. పొట్ట మీద వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. శన (గుడ్లు) ఉన్న చేప కావాలా, పోతు కావాలా ముందే తేల్చుకోండి. శన నిండినదాంట్లో కండ కొవ్వు తగ్గుతుంది.

కిలో చేపకి: అంగుళం మందం ముక్కలు, కోశాక ఒక్కసారే కడగడం. పెద్ద నిమ్మకాయంత చింతపండు, మూడు ఉల్లిపాయల ముద్ద, ఆరు పచ్చిమిర్చి, చీల్చిన లేత బెండకాయలు ఎనిమిది, కారం, పసుపు, ఉప్పు. వెడల్పు మట్టిదాకలో ఉల్లిముద్ద వేగాక పులుసు పోసి, తెర్లాక ముక్కలు పరిచి, సెగ తగ్గించి 40 నిమిషాలు. బెండకాయలు సగంలో వెయ్యండి. గరిటె పెట్టారో, ముక్క చెదిరి ముళ్ళన్నీ పులుసులో కలుస్తాయి, ఆ తర్వాత తినడమంటే ఏరుకోవడమే. దాకని రెండు వైపులా గుడ్డతో పట్టుకుని గుండ్రంగా కదపాలి. ఆ పూట తినకండి. రాత్రంతా ఉంటే పులుపు ముక్కలోకి దిగుతుంది. అన్నంలో ముక్క కలపకుండా వేళ్ళతో విడిగా విప్పుకుని తినాలి, ఎందుకంటే కండ పొడుగునా వెంట్రుకల్లాంటి ముళ్ళుంటాయి.

ఒండ్రుమట్టి:
రంగు పరీక్షని మాత్రం నమ్మకండి. బజార్లో పసుపు బల్బు కింద పెడితే ఐసు విలస కూడా బంగారంలా ఉంటుంది. పగటి వెలుగులోకి తీయించి చూడాలి, కుదరదంటే వదిలెయ్యాలి. మొప్ప, పొట్ట సంగతి నిజమే.

ముళ్ళుతీసేవాడు:
ఆయ్, అదీ కరెక్టేనండి. యానాంలో పడవలొచ్చే వేళకి రేవులో కొనడం కన్నా గట్టి పరీక్ష లేదు.

పొట్టుకూర:
కూలర్ అమ్మేసి రండి. ఇక్కడ ఉక్కపోత. గాల్లో తడి నిండుగా ఉంటే కూలర్ నీళ్ళు ఆవిరి కావు, చల్లదనం రాదు, పక్కబట్టలు మాత్రం చెమ్మెక్కుతాయి. తప్పదంటే ఎదురు కిటికీ తెరిచి పెట్టుకోండి.

పనసపొట్టుకి మీరు ఆలస్యం. లేతకాయలు వేసవి ముందే వస్తాయి, మళ్ళీ మాఘం దాకా ఆగాలి. అప్పుడు బజార్లో కాయ కొనకండి, ఎదురుగా కత్తితో టకటకా కొట్టి పొట్టు చేసి ఇస్తారు. ఇంట్లో కొడితే జిగురు వదలదు, చేతికీ కత్తికీ నూనె రాసుకున్నా సగం పొద్దు పోతుంది. అరకిలో పొట్టుని పసుపు, ఉప్పు వేసి ఉడికించి గట్టిగా పిండండి. తిరగమోత పెట్టి, కొద్దిగా చింతపండు రసం పోసి ఇగిరించాక పొయ్యి ఆపండి. రెండు చెంచాల ఆవాలు, ఒక ఎండుమిర్చి నీళ్ళతో నూరి, కూర గోరువెచ్చబడ్డాక కలపండి. వేడి మీద కలిపితే ఆవఘాటు పోయి చేదు మిగులుతుంది. ఎక్కువమంది చేసే తప్పు ఇదే.

ఎండ పూట మెయిన్‌రోడ్డులో రోజ్‌మిల్క్ తాగండి. ఇంట్లో చేస్తే ఆ రుచి రాకపోవడానికి కారణం ఐసు. ముక్క కరిగి పాలు పల్చనైపోతాయి. లీటరు చిక్కటి పాలు 800 మిల్లీలీటర్లకి మరిగించి, 80 గ్రాముల పంచదార వేసి, మీగడ కట్టకుండా తిప్పుతూ చల్లార్చి, వడకట్టి, ఐదు గంటలు ఫ్రిజ్‌లో పెట్టాలి. ఎసెన్స్ చివర్లో చుక్కలే. వేడి పాలలో వేస్తే వాసన ఆవిరైపోతుంది, ఎక్కువేస్తే సబ్బునీళ్ళే.

కొత్తబిచ్చగాడు:
అందరికీ దండాలు. కూలర్ ఇక్కడే అమ్మకానికి పెట్టేశాను. ఒకటే మిగిలింది: "మొదటి ప్రమాద హెచ్చరిక" అని వార్తల్లో వస్తే ఇల్లు సర్దుకోవాలా?

ఒండ్రుమట్టి:
అక్కర్లేదండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లెక్కన పది, పదమూడు, పదిహేడు లక్షల క్యూసెక్కులు అన్నమాట. కంగారు నది మధ్య లంకల్లో ఉండేవాళ్ళకి, మొదటి హెచ్చరికకే పడవలు కట్టేస్తారు. భద్రాచలంలో 43 అడుగులు దాటిందని విన్నప్పుడే ఇక్కడికి రాబోయేది తెలిసిపోతుంది. మీరు చెయ్యాల్సిందల్లా ఆ రోజే రెండు బిందెలు తేట నీళ్ళు పట్టుకోవడం. వరద తీశాక మాత్రం వారం దాకా పుష్కరఘాట్ కింది మెట్లకి వెళ్ళొద్దు. పైకి ఆరినట్టు కనబడుతుంది, అడుగు వేస్తే లోపల వెన్నలాంటి ఒండ్రు. హారతి పైమెట్ల మీంచి చూసినా బాగానే కనబడుతుంది.