ఊరికే రీస్టార్ట్ అవుతున్న కొత్త పీసీ: ముందు అనుమానించాల్సింది పవర్ సప్లైనా, ర్యామ్‌నా?

కొత్తబిల్డు (మారతహళ్ళి)
ఈమధ్యే బెంగళూరు ఎస్పీ రోడ్డు కంప్యూటర్ కొట్లలో పార్టులు కొని నేనే బిగించుకున్నాను. రైజెన్ 5 7600 ప్రాసెసర్, బీ650 బోర్డు, డీడీఆర్5 6000 ర్యామ్ 16 జీబీ స్టిక్కులు రెండు, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, 650 వాట్ల బ్రాంజ్ పవర్ సప్లై. చెప్పాపెట్టకుండా రీస్టార్ట్ అవుతోంది. బ్లూ స్క్రీన్ రాదు. విచిత్రం ఏంటంటే గేమ్ ఆడుతున్నంతసేపూ బాగానే ఉంటుంది. బ్రౌజర్‌లో ఏదో చదువుకుంటున్నప్పుడో, వదిలేసి టీకి వెళ్ళినప్పుడో పోతుంది. విండోస్ జరిగినవన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని ఉంది. కొన్న కొట్టువాళ్ళేమో "పవర్ సరిపోవట్లేదు, 850 వాట్లది వేసుకోండి" అంటున్నారు. రూమ్మేట్ ర్యామ్ అంటాడు. మళ్ళీ డబ్బు పెట్టేముందు మీరేమంటారో చెప్పండి.

పాతచింతకాయ
41 కనపడ్డాక ఇంకా చర్చ ఎందుకు తమ్ముడూ, పవరే. నేను చూసిన రీస్టార్టుల్లో ఎక్కువ భాగం పవర్ సప్లై దగ్గరే తేలాయి. పైగా బ్రాంజ్. కొట్టువాడు చెప్పింది విను, రేపు పెద్ద గ్రాఫిక్స్ కార్డు కొన్నా పనికొస్తుంది.

ర్యామ్‌భక్త
41 చూసి పవర్ సప్లై మీద పడిపోతే ఎలా బాబాయ్? మెషీన్ మళ్ళీ లేచాక "పోయినసారి సరిగ్గా షట్‌డౌన్ కాలేదు" అని విండోస్ రాసుకునే చీటీ అది. కారణం ఏదైనా అదే వస్తుంది. కరెంటు పోయినా 41, మెషీన్ బిగుసుకుపోయి మనం బటన్ నొక్కి ఆపినా 41. దాని డీటెయిల్స్‌లో బగ్‌చెక్‌కోడ్ ఎంతుందో చూడాలి. సున్నా కాకపోతే బ్లూ స్క్రీన్ వచ్చి, నీ కంట పడకుండానే పోయిందన్నమాట. అప్పుడు విండోస్ సెట్టింగుల్లోని స్టార్టప్ అండ్ రికవరీలో ఆటోమేటిక్ రీస్టార్ట్ టిక్కు తీసేస్తే స్క్రీన్ నిలబడుతుంది. సున్నా అయితే విండోస్‌కి ఏదీ రాసుకునే వ్యవధి కూడా దొరకలేదు. హార్డ్‌వేర్ తప్పుల్ని రాసే డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ ఎంట్రీలు ఏమైనా ఉన్నాయేమో కూడా చూడు.

ఇక వాట్లంటావా, 7600 ఫ్యాక్టరీ సెట్టింగులో 88 దాటదు, 4060 బోర్డు పవర్ 115. మిగతావాటికి ఎంత ధారాళంగా వేసినా మొత్తం 300 లోపే. 650లో సగం కూడా వాడనివాడికి 850 అంటగడుతున్నారు. బ్రాంజ్, గోల్డ్ అనేవి కరెంటు ఎంత వృథా అవుతుందో చెప్పే మార్కులు, లోపలి ప్రొటెక్షన్ సంగతి అవి చెప్పవు. ర్యామ్‌ని బాక్సు మీద రాసిన వేగానికి ఎక్కించే సెట్టింగు, ఎక్స్‌పో, ఆన్ చేశావా?

పాతచింతకాయ
కూడికలు నాకూ వచ్చు. లోపల పీసు చెడ్డదైతే 300 దగ్గరా పడుతుంది, 60 దగ్గరా పడుతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిందల్లా మంచిదేనా?

వోల్టుమీటర్
ఇద్దరూ అసలు ప్రశ్న అడగలేదు. పోయాక దానంతటదే లేస్తోందా, చచ్చినట్టు పడుంటోందా? ఓవర్‌కరెంట్, షార్ట్ లాంటి ప్రొటెక్షన్ పనిచేస్తే పవర్ సప్లై మామూలుగా లాక్ అయిపోతుంది, వెనక స్విచ్ ఆపి మళ్ళీ వేస్తే తప్ప లేవదు. ప్రాసెసర్ మితిమీరి వేడెక్కినా ఆగిపోతుందే గానీ రీస్టార్ట్ కాదు. వెంటనే తనే బూట్ అవుతోందంటే బాబాయ్ వాదన కొట్టుకుపోదు, కాస్త పలచబడుతుంది.

ఇంకోటి, బెంగళూరులో ఉండి ఇన్వర్టర్ ఊసు ఎవరూ ఎత్తలేదేంటి? ఇంటి ఇన్వర్టర్‌కి యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని స్విచ్ ఉంటుంది. నార్మల్‌లో ఉంటే లైను మారడానికి 40 మిల్లీసెకన్ల దాకా పట్టొచ్చు. మన డెస్క్‌టాపుల్లో ఉండే ఏటీఎక్స్ పవర్ సప్లై ఫుల్ లోడులో కరెంటు లేకుండా నెట్టుకొచ్చేది సుమారు 16 మిల్లీసెకన్లు. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, పీసీ మాత్రం పోతుంది. రూమ్మేట్ ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కాబట్టి అది సాక్ష్యం చెప్పదు. ఎర్తింగ్ కూడా చూసుకో, క్యాబినెట్ మీద టెస్టర్ పెడితే వెలగకూడదు.

ర్యామ్‌భక్త
అన్నా, ఇన్వర్టరే అయితే గేమ్ మధ్యలో పోవాలి. లోడు తక్కువగా ఉన్నప్పుడు లోపలి కెపాసిటర్ ఇంకా ఎక్కువసేపు నిలబెడుతుంది. ఇతనిది ఖాళీగా ఉన్నప్పుడే పోతోంది.

కొత్తబిల్డు
దానంతటదే లేస్తోంది. బగ్‌చెక్‌కోడ్ 0. డబ్ల్యూహెచ్‌ఈఏ ఎంట్రీలు లేవు. ఇన్వర్టర్ మా ఇంట్లో లైట్లకీ ఫ్యాన్లకీ మాత్రమే, పీసీ ప్లగ్గు దాని మీద లేదు. టెస్టర్ వెలగలేదు. ఎక్స్‌పో మొదటిరోజు నుంచీ ఆన్‌లోనే ఉంది.

కడపబుల్లోడు
డబ్బు ఖర్చు కాని పనులు రెండు ఉన్నాయి, అవి చేసి తర్వాత కొట్టుకుందాం. క్యాబినెట్ నుంచి బోర్డుకి వచ్చే రీసెట్ వైరు పీకెయ్. బటన్ లోపల ఇరుక్కుని అప్పుడప్పుడు తాకుతున్నా అచ్చం ఇలాగే ఉంటుంది. రెండోది, బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో, పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అని ఉంటే దాన్ని టిపికల్ కరెంట్ ఐడిల్‌కి మార్చు. పనిలేనప్పుడు రైజెన్ బాగా తక్కువ కరెంటుకి దిగిపోతుంది, కొన్ని పవర్ సప్లైలు అంత చిన్న లోడుని తట్టుకోలేవు.

పాతచింతకాయ
తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చారుగా!

కొత్తబిల్డు
రెండూ చేశాను, ఫలితం లేదు. ఆ తర్వాత ఎక్స్‌పో ఒక్కటే ఆపాను, ర్యామ్ 4800కి దిగింది. ఇక ఒక్కసారి కూడా పోలేదు. నమ్మకం కుదరక మళ్ళీ ఆన్ చేస్తే ఆ రాత్రే పోయింది.

ర్యామ్‌భక్త
తేలిపోయింది. 7600కి ఏఎండీ ఒప్పుకున్న ర్యామ్ వేగం 5200. బాక్సు మీద ఎంత పెద్దగా రాసినా 6000 అనేది ఓవర్‌క్లాకింగే. 1.1 వోల్టుల దగ్గర నడవాల్సిన ర్యామ్‌ని 1.35 దాకా ఎక్కిస్తున్నాం. 4800లో వాడుకో, 4060తో నీకు తేడా పెద్దగా తెలియదు.

కడపబుల్లోడు
ఇదేం న్యాయం? 6000కి డబ్బు తీసుకున్నారు, బోర్డువాడు పరీక్షించి ఇచ్చే ర్యామ్‌ల జాబితా క్యూవీఎల్‌లో కూడా 6000 కిట్లే వరసగా ఉంటాయి. పనిచేయకపోతే మాత్రం తప్పు మనదా? ముందు బయోస్ అప్‌డేట్ చెయ్ బ్రో. మెమరీ కాంటెక్స్ట్ రిస్టోర్ ఆన్‌లో ఉంటే ఆపు. బూట్ కాస్త ఆలస్యమవుతుంది గానీ ప్రతిసారీ ర్యామ్‌ని కొత్తగా ట్రైన్ చేసుకుంటుంది, అంటే దానికి సరిపడే సెట్టింగులు మళ్ళీ వెతుక్కుంటుంది. అప్పటికీ నిలవకపోతే మార్చి ఇవ్వమని అడుగు, మొహమాటపడకు.

పాతచింతకాయ
మార్చడం దాకా ఎందుకు, ప్రాసెసర్‌లో ర్యామ్‌ని నడిపే భాగానికి వెళ్ళే ఎస్ఓసీ వోల్టేజ్ కాస్త పెంచితే నిలబడుతుంది.

వోల్టుమీటర్
కొత్తవాడికి ఆ సలహా ఇవ్వకండి బాబాయ్. 2023లో 7800ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని బోర్డుల మీద కాలిపోయాకే ఏఎండీ ఎస్ఓసీ వోల్టేజ్‌కి 1.3 అని హద్దు పెట్టింది.

కొత్తబిల్డు, స్టిక్కులు ఊరికే పట్టుకెళ్తే కొట్లో ఏదో ఒక బోర్డుకి గుచ్చి, 4800లో లేపి, "బాగానే ఉంది సార్" అని వెనక్కి ఇస్తారు. బయోస్ అప్‌డేట్ అయ్యాక ఎక్స్‌పో ఆన్‌లో ఉంచి, ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రామ్ మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్ మీద నుంచి నడుపు. ఒకసారికి ఒకే స్టిక్కు, స్లాట్ మార్చకుండా. ఎర్రర్లు వస్తే స్క్రీన్ ఫోటో తియ్, వేగం 6000 అని కనబడేలా.

కొత్తబిల్డు
బయోస్ అప్‌డేట్ చేసినా, ఆ రిస్టోర్ ఆపినా మారలేదు. మెమ్‌టెస్ట్‌లో ఒక స్టిక్కు శుభ్రంగా పాసైంది, రెండోదాంట్లో స్క్రీనంతా ఎర్రగా వచ్చింది. ఫోటో తీశాను. చెడ్డ స్టిక్కు ఒక్కటే ఇస్తే చాలా?

వోల్టుమీటర్
కిట్‌గా కొన్నావు కాబట్టి రెండూ ఇచ్చి కిట్‌గానే తీసుకో. ఒక్కటే మారిస్తే పేరు ఒకటే అయినా లోపలి చిప్పులు వేరేవి రావచ్చు, జతగా మళ్ళీ ఇదే తలనొప్పి. బాక్సు, బిల్లు పట్టుకెళ్ళు. ఆదివారం అక్కడ చాలా కొట్లు మూసేసి ఉంటాయి, శనివారమే వెళ్ళు.