మేడ మీద గదిలో అద్దకం పని మొదలుపెడదామనుకుంటున్నాం, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

బెజవాడ అమ్మ:
అందరికీ నమస్కారం. మా వాడికి 23 ఏళ్లు, మేధో వైకల్యం. 18 దాకా స్పెషల్ స్కూల్‌కి వెళ్లాడు, ఆ తర్వాత ఇంట్లోనే. మొదట్లో పొద్దున్నే స్నానం చేసి బ్యాగు తగిలించుకుని గుమ్మం దగ్గర నిలబడేవాడు, ఎక్కడికి పంపను చెప్పండి, ఆర్నెల్లకి అదీ మానేశాడు. వాడితో చదివిన ఇంకో నలుగురి ఇళ్లలోనూ ఇదే కథ.

మా మేడ మీద గది ఖాళీగా ఉంది. ఐదిళ్లవాళ్లం తలా కొంత వేసుకుంటే 60 వేలు పోగయ్యాయి. పోయిన నెల వాడిని పెడన తీసుకెళ్లి కలంకారీ అద్దకం చూపించాను. అచ్చు రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో దబ్బుమని కొడుతుంటే మా వాడు గంటసేపు కదల్లేదు. ఒకాయన అచ్చు చేతికిస్తే వాడూ కొట్టాడు, వంకర పోయింది గానీ ఆ మొహం చూడాలి. అప్పట్నుంచి ఇంట్లో డైనింగ్ టేబుల్‌ని కొడుతున్నాడు.

చేతి రుమాళ్లు, సంచులు, దీపావళికి రంగు ప్రమిదలు చేద్దామని ఉంది. ట్రస్టు పెట్టాలా, సొసైటీయా? పిల్లలకి డబ్బులు ఎలా ఇవ్వాలి? ఇంకో టెన్షన్ ఏంటంటే, మా వాడు పువ్వులూ నెమళ్లూ గియ్యమంటే గియ్యడు, కాగితం దొరికితే పల్లెవెలుగు బస్సులే.

కాకినాడ నాన్న:
అమ్మా, మేం ఎనిమిది మందితో నాలుగేళ్లుగా నడుపుతున్నాం. మొదటి దీపావళికి మేం చేసిన తప్పు చెప్తాను, మీరు చెయ్యకండి. ఒక షాపువాళ్లు 2 వేల ప్రమిదలు అడిగితే ఎగిరి గంతేసి ఒప్పేసుకున్నాం. మావాళ్లు రోజుకి 60, 70 కంటే వెయ్యలేరు, ఒకరికి మనసు బాగోకపోతే ఆ రోజు అదీ లేదు. ఆఖరి వారం రాత్రి రెండింటిదాకా కూర్చుని తల్లిదండ్రులమే వేశాం, మా అత్తగారితో సహా. పైన మాత్రం 'ప్రత్యేక పిల్లల చేతిపని' అని స్టిక్కరు. పొద్దున మా అమ్మాయి వచ్చి డబ్బా తెరిచి, "ఇది నాది కాదు, ఇది నాది కాదు" అంటూ ఒక్కోటీ తీసి నేల మీద పెట్టింది. తలెత్తుకోలేకపోయాను. పైగా షాపువాళ్లు డబ్బులు సంక్రాంతికి ఇచ్చారు, విరిగినవాటికి కోసుకుని.

ఇప్పుడు ఎవరు ఎంత అడిగినా మావాళ్లు చెయ్యగలిగిన దాంట్లో సగానికే ఒప్పుకుంటాం.

డబ్బుల సంగతి. పీసుకింత అని పెట్టకండి. మా దగ్గర ఒకతను చేసేది రంగు డబ్బాల మూతలు తియ్యడం, బ్రష్షులు కడగడం. మొదటి నెల లెక్కలో అతని పేరు ఎదురుగా సున్నా వచ్చింది. ఇప్పుడు వచ్చిన రోజుకింత అని ఇస్తాం, ఖర్చులు పోను మిగిలింది అందరికీ సమానం. సగం బ్యాంకులో వేసినా సగం నోట్లుగా చేతికే ఇవ్వండి. మా అమ్మాయి దారిలో బజ్జీలు కొంటుంది, చిల్లర లెక్క రాదు, బండాయనే లెక్కపెట్టి ఇస్తాడు.

హనుమకొండ ఆడిటర్:
ట్రస్టు, సొసైటీ అని అప్పుడే పరుగెత్తకండి మేడమ్, ముందు ఆర్నెల్లు పని జరగనివ్వండి. సొసైటీ అయితే కనీసం ఏడుగురు కావాలి, ఐదిళ్లలో అమ్మానాన్నలని లెక్కేస్తే సరిపోతారు. సెక్షన్ 8 కంపెనీ (లాభాపేక్ష లేని కంపెనీ) అంటే ఏటా ఆడిట్, ఫైలింగులు, మీ 60 వేలలో మంచి వాటా నాలాంటివాడికే పోతుంది.

దానికన్నా ముందు చెయ్యాల్సింది వేరే ఉంది. 18 దాటాక కన్నతల్లి అయినా చట్టం దృష్టిలో మీరు దానంతటదే సంరక్షకులు కారు. నేషనల్ ట్రస్ట్ చట్టం (1999) కింద కలెక్టర్ అధ్యక్షతన జిల్లాలో ఒక కమిటీ ఉంటుంది, మిమ్మల్ని సంరక్షకులుగా నియమించమని అక్కడ దరఖాస్తు పెట్టండి. బ్యాంకులో వాడి పేరున ఖాతా నడపడానికి ఆ కాగితం పనికొస్తుంది. అదే చట్టం కింద నిరామయ అని ఆరోగ్య బీమా ఉంది, లక్ష రూపాయల దాకా, ఐదుగురికీ చేయించండి.

సికింద్రాబాద్ టీచర్:
23 ఏళ్లవాడిని 'పిల్లలు' అనకండి మేడమ్, ప్లీజ్. స్టిక్కరు మీద అసలు వద్దు. జాలితో కొన్నవాళ్లు ఒకసారే కొంటారు.

కొట్టడం అనేది పనిలో ఒక్క ముక్కే. గంజి పోయేలా గుడ్డ ఉతకాలి, ఆరెయ్యాలి, బల్ల మీద బిగించి పిన్నులు గుచ్చాలి, రంగు తట్ట నింపాలి, ఆరిన గుడ్డని తిరగేసి ఇస్త్రీ చెయ్యాలి. ఎవరికి ఏది నచ్చుతుందో వారం పది రోజులు చూస్తూ ఊరికే కూర్చోండి. వంకర పోకుండా ఎల్ ఆకారంలో ఒక చెక్క చేయించి గుడ్డ మీద పెడితే, అచ్చుని దాని మూలకి ఆనించి కొడతారు. పెడనవాళ్లలా గుడ్డని కరక్కాయ నీళ్లలో ముంచడం, రంగు ఉడకబెట్టడం మేడ మీద ఇప్పుడే వద్దు, పొయ్యి భయం. రెడీమేడ్ రంగుతో మొదలుపెట్టండి, వాసన పడనివాళ్లు ఉంటారు కాబట్టి కిటికీలు తెరిచి ఉంచండి. ఒకసారి ఇక్కడ మనోవికాస్ నగర్‌లో ఎన్ఐఈపీఐడీకి (మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ) రండి, వృత్తి శిక్షణ ఎలా ఇస్తారో చూడొచ్చు.

బే ఏరియా తెలుగోడు:
అక్కా, మా దగ్గర్లో ఓక్లాండ్‌లో క్రియేటివ్ గ్రోత్ అని 1974 నుంచి ఒక స్టూడియో ఉంది. జూడిత్ స్కాట్ అని ఒకావిడ, డౌన్ సిండ్రోమ్, వినపడదు, 1987లో అక్కడికి వచ్చింది. మొదట్లో బొమ్మలు గియ్యమంటే ఆసక్తి లేదు. తర్వాత కనపడ్డ వస్తువు చుట్టూ దారం చుట్టడం మొదలుపెట్టింది, వాళ్లు చుట్టనిచ్చారు. ఇప్పుడు అవి మ్యూజియంలలో ఉన్నాయి. మీ ఇంట్లో బస్సులు గీసేవాడుంటే మీకు నెమళ్లెందుకు? పల్లెవెలుగు బస్సు ఉన్న సంచి నేనే పది కొంటా.

బెజవాడ అమ్మ:
అందరికీ థాంక్సండీ. ప్రమిదలు ఈ ఏడాదికి మానేశాం. వాడి బస్సు బొమ్మ తీసుకుని నిన్న పెడన వెళ్లి అచ్చు చెక్కమని ఇచ్చాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, "బస్సుకి ఏడు చక్రాలేంటమ్మా, నాలుగు చెక్కనా?" అన్నాడు. వాడు పక్కనే ఉండి ఏడు వేళ్లు చూపించాడు. ఏడే చెక్కమన్నాను.